గేరుపెట్టెకు తగిన కందెన



గతమాసమున ఒక సోదరి నాకొక జాబు వ్రాసినది. ఆమె భర్త బ్రతికియున్న దినములలో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 మోటారుసైకిలు ఇప్పటికిని వారి యింట నున్నది. పెద్దకుమారుడు ప్రతిదినము దానిమీదనే 18 కిలోమీటర్లు పోయి కొలువు చేసి వచ్చుచున్నాడు. ఇటీవల ఆ బండి గేరుబాక్సులోని నూనె మార్పించిరి. దుకాణదారుడు, ఇది కారులకు వాడునది, అన్నిటికంటె ఖరీదైనది, దీనితో మీ పాతబండికి ప్రాణము లేచివచ్చునని చెప్పి యొక డబ్బా చేతబెట్టెను. అది పోసిన నాలుగు దినములకే, మిట్ట యెక్కునప్పుడు ఇంజను రొద హెచ్చుచున్నదే కాని బండి ముందునకు సాగుట లేదట. మరమ్మతుదారు చూచి, క్లచ్చిపళ్లెములు పోయినవి, గేరుబాక్సు కూడ విప్పి చూడవలె ననినాడట. ఇంట నున్నది కూతురి కళాశాల రుసుమునకై దాచిన సొమ్మొకటే. “ఆ సొమ్ము తీయుదునా, ఆయన గుర్తుగా నున్న బండి నమ్మివేయుదునా?” యని ఆమె ప్రశ్న.

రెండును ఇప్పుడే వలదని నా సమాధానము. దానికి కారణము చెప్పుటకే ఈ మాసపు పుటను వినియోగించుచున్నాను. ఇట్టి పాత టూ స్ట్రోకు బండ్లు ఇంకను అనేక గృహములలో నున్నవి. మన దేశమున ఆర్‌ఎక్స్ 100 నిర్మాణము 1985లో మొదలై 1996లో ఆగిపోయినది. మైసూరులో తయారైన యెజ్డి కర్మాగారమును 1996లోనే మూతబడినది. క్రొత్తవి రావు గనుక, ఉన్నవానిని కాపాడుకొనుటయే మార్గము.

ఇది పురుషుల వ్యవహారము, మనకేల యని యనుకొనవలదు. నూనెల భేదము మనకంటె నెవరికి బాగుగ తెలియును? ఆవకాయకు నువ్వులనూనె పోయుదుము, ఆముదము పోయము. ఆముదము చెడ్డదియా? కాదు, దాని పని వేరు. వెల యెక్కువయైన నేతిని తెచ్చి ఊరగాయలో పోసినవారిని చూచి మనము నవ్వుదుము. బండి విషయమున మాత్రము వెలనే గుణముగా నెంచి మోసపోవుచున్నాము.

ముందుగా టూ స్ట్రోకు బండిలో రెండు నూనె లున్నవని గుర్తింపవలెను. ఈ యింజనులో పెట్రోలును గాలియు కలిసిన మిశ్రమము పిస్టను క్రింది గదిలోనికి వచ్చి, అచ్చటనుండి పైకి పోయి మండును. ఆ గదిలో నూనె నిలువయుంచుటకు వీలులేదు. కావున టూటీ యను నూనెను పెట్రోలుతో కలుపుదురు. లేదా ఆర్‌ఎక్స్ 100లో వలె వేరు తొట్టినుండి చిన్న పంపు దానిని కొలిచి పంపును. అది తన పని తీర్చుకొని, మండి, పొగయై పోవును. గేరులును క్లచ్చియు వేరొక గదిలో నుండును. అందలి నూనె మండదు, పొగ కాదు. మార్చువరకు ఆ గదిలోనే పనిచేయుచుండును. ఒకదానికి బదులు మరియొకటి వాడరాదు. టూటీ నూనె మండుటకు తగినట్లు చేసినది. గేరు పండ్ల ఒరపిడిని తాళుటకు చేసినది కాదు. గేరుబాక్సు నూనె పెట్రోలులో కలిపినచో బూడిద మిగిలి స్పార్కుప్లగ్గును మాపును.

ఇక క్లచ్చి సంగతి. ఇంజను బలమును గేరులకు అందించునది అదియే. కొన్ని ఒరపిడి పళ్లెములు, కొన్ని ఉక్కు పళ్లెములు ఒకదాని మీద ఒకటిగా పేర్చబడి, స్ప్రింగుల బలముచే అదుముకొని యుండును. ఈ బండ్లలో ఆ పళ్లెములు గేరుల నూనెలోనే మునిగి తిరుగును. చిక్కు ఇచ్చటనే యున్నది. గేరులకు జారుడు కావలెను; క్లచ్చికి పట్టు కావలెను; రెంటికిని నూనె ఒక్కటే. కారులలో క్లచ్చి సాధారణముగా ఇంజను నూనెకు తగులకుండ పొడిగా నుండును. కావున కారు ఇంజను నూనెలు కొన్నిటిలో, పెట్రోలు ఆదాయగుటకై, ఒరపిడిని తగ్గించు మందులు కలుపుదురు. కారునకు అది మేలే. తడి క్లచ్చి గల మోటారుసైకిలులో పోసినచో పళ్లెములు జారును; ఇంజను అరచును; చక్రము తిరుగదు. మన సోదరి వ్రాసిన లక్షణ మిదియే. నూనె మార్చుటకు పూర్వము లేని రోగము మార్చిన నాలుగు దినములకే వచ్చినప్పుడు, పళ్లెములు అరిగినవని నిర్ణయించుటకు ముందు నూనెను శంకింపవలెను గదా! నిదానము తెలియక ఔషధము నిచ్చుట వైద్యమున నెంత దోషమో, యంత్రమునను అంతే.

డబ్బా కొనునప్పుడు మూడు గుర్తులు చూడుడు.

మొదటిది చిక్కదనము. ఎస్.ఎ.ఇ. అను అక్షరముల ప్రక్క 30, 40, 20డబ్ల్యు-40 అని యుండును. డబ్ల్యు చలికాలమునకు గుర్తు. దాని ముందటి అంకె చలిలో నూనె నడతను, తరువాతి యంకె వేడిలో దాని చిక్కదనమును తెలుపును. బండితో వచ్చిన పుస్తకములో నేమి వ్రాసియున్నదో అదియే ప్రమాణము. అందు 40 అని యున్నచో 20డబ్ల్యు-40 వాడవచ్చును. 30 అని యున్నచో 10డబ్ల్యు-30 వాడవచ్చును. మిక్కిలి చిక్కనైనచో ఉదయమున క్లచ్చి సరిగా విడివడక గేరు కష్టముగా పడును. మిక్కిలి పలుచనైనచో గేరుల రొద హెచ్చి అరుగుదల కలుగును.

ఇచ్చట నొక భ్రమను తొలగింపవలెను. గేరు నూనె డబ్బాలపై 80, 90 అను అంకెలు చూచి, అవి 40కి రెట్టింపు చిక్కనివని తలతురు. ఇంజను నూనెల కొలబద్ద వేరు, గేరు నూనెల కొలబద్ద వేరు. నూరు డిగ్రీల వేడిలో గేరు నూనె 90 యొక్క చిక్కదనము ఇంజను నూనెలలో 40, 50 అను వాని మధ్యకు వచ్చును. శేరును గజమును పోల్చి ఏది పెద్దదని యడిగినట్లు, ఈ అంకెలను పోల్చరాదు.

రెండవది జాసో ముద్ర. జపాను మోటారు ప్రమాణ సంస్థ 1998లో మోటారుసైకిలు నూనెలకై యొక ప్రమాణము నేర్పరచినది. అందు ఎం.ఎ. అనునది తడి క్లచ్చికి తగినది, ఎం.బి. అనునది ఒరపిడి తక్కువది, తడి క్లచ్చికి తగదు. తరువాత ఎం.ఎ.లోనే ఎం.ఎ.1, ఎం.ఎ.2 అను విభాగములు చేసిరి. ఈ మూటిలో నేదియైనను మనకు పనికివచ్చును. డబ్బాపై నాలుగు స్ట్రోకుల మోటారుసైకిలునకని వ్రాసియున్నను శంకింపవలదు. పుస్తకములో ఇంజను నూనె అంకెయే యిచ్చియున్నచో, సరియైన చిక్కదనమును ఎం.ఎ. ముద్రయు గల ఆ నూనె మన గేరుబాక్సునకును తగినదే.

మూడవది జి.ఎల్. అను గుర్తు. ఇది గేరు నూనెలపై నుండును. జి.ఎల్.5 అనునది కారులు, లారీల వెనుక ఇరుసులోని గేరులకై చేసినది. అందు గంధకము, భాస్వరము గల ఘాటైన మందులు హెచ్చుగా నుండును. పాత గేరుబాక్సులలోని కంచు, ఇత్తడి భాగములకు వానివలన హాని కలుగవచ్చును. బండి పుస్తకము చెప్పనిదే దానిని వాడవలదు.

ఇప్పుడు మన సోదరి చేయవలసిన క్రమము. మొదట క్లచ్చితీగ బిగువును చూపించుడు. చేతిపిడికి కొంచెము వదులు లేనిచో పళ్లెములు పూర్తిగా అదుముకొనక జారును. దీనికి కానీ ఖర్చు లేదు. పిమ్మట బండిని కొంతదూరము నడిపి, నూనె వెచ్చనైనప్పుడు అడుగు బిరడా తీసి పూర్తిగా కారనిండు. ఎం.ఎ. ముద్ర గల నూనెను పుస్తకములో చెప్పిన కొలతకు, బండిని నిటారుగా నిలిపి పోయుడు. పళ్లెములలో పాతనూనె కొంత నిలిచియుండును గనుక, కొన్ని దినములు నడిపిన తరువాత మరియొకమారు మార్చుడు. అడుగు బిరడాను బలవంతముగా బిగింపనీయకుడు. అల్యూమినియపు మర చెడినచో అదియే పెద్ద ఖర్చు. ఇంత చేసినను జారుడు మానకున్నచో, అప్పుడు పళ్లెములు తీసి చూడవలెను. అప్పటికిని అది క్లచ్చి పనియే కాని గేరుబాక్సు పని కాదు.

కారిన నూనెను తెల్లని పళ్లెములో పట్టి చూడుడు. బిరడాకు అంటిన సన్నని బూడిదరంగు ముద్ద చూచి భయపడవలదు. మజ్జిగవలె తెల్లబడినచో నీరు చేరినది. పెట్రోలు వాసన వేసి పలుచబడినను, లేక నూనె మట్టము తగ్గుచు వెనుక తెల్లపొగ హెచ్చినను, ఇంజను గదికిని క్లచ్చి గదికిని నడుమనున్న రబ్బరు సీలు చెడియుండవచ్చును. లోహపు పెచ్చులు కనబడినచో మాత్రము సొమ్మునకు చూడక వెంటనే విప్పింపవలెను. గేరులు పట్టుకొనిపోయినచో వెనుక చక్రము దారిలోనే బిగిసికొనును. కుమారుని ప్రాణముకంటె కళాశాల రుసుము ఎక్కువది కాదు.

కడపట నొక గృహిణీధర్మము. తీసిన పాతనూనెను వంటనూనె సీసాలలో పోసి ఇంట నుంచరాదు. పిల్లలును పనివారును పొరబడుదురు. కాలువలోను పెరటి మట్టిలోను పోయరాదు. మూతగల పాత డబ్బాలో పోసి, పైన పేరు వ్రాసి, వాడిన నూనెను సేకరించు దుకాణమున కిచ్చుడు.

సోదరీ, సొమ్మును పెట్టెలోనే యుంచుడు. రెండు డబ్బాల నూనెతో తీరవలసిన పనికి ఆడుబిడ్డ చదువు నొడ్డవలదు. నూనె మార్పించిన పిదప బండి మిట్ట నెట్లెక్కినదో నాకు మరల వ్రాయుడు.