ఒత్తిడికి కర్త ఎవరు?



పోయిన నెలలో మా ఈపూరుకు దగ్గరలో ఉన్న ఒక బడిలో పిల్లల తల్లిదండ్రుల సమావేశం జరిగింది. విశ్రాంత తెలుగు పండితుణ్ణి కదా అని నన్నూ పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు. ‘ఒత్తిడిని జయించడం ఎలా?’ అన్నది ఆనాటి విషయం. పట్నం నుండి వచ్చిన వక్త ఒకరు పదోతరగతి పిల్లలచేత కళ్లు మూయించి, పది నిమిషాలపాటు ఊపిరి తీయించి, వదిలించారు. పిల్లలు బుద్ధిగా చేశారు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే బడివారు లేచి, ఇకమీదట ఆదివారాలు కూడా తరగతులుంటాయనీ, వారం వారం పరీక్ష పెట్టి మార్కుల జాబితాను గోడకు అంటిస్తామనీ ప్రకటించారు. మళ్లీ చప్పట్లు. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుందని అడిగినవారు ఆ సభలో ఒక్కరూ లేరు. నేనూ అడగలేదు. ఆనాడు మింగిన మాటను ఈనాడు ఇక్కడ రాస్తున్నాను.

ముప్పైయేళ్లకు పైగా వ్యాకరణం చెప్పినవాణ్ణి. ఏ మాట విన్నా దాని పుట్టుక వెతకడం నాకు అలవాటు. తాకు నుండి తాకిడి వచ్చినట్లే ఒత్తు నుండి ఒత్తిడి వచ్చింది. ఒత్తు అనేది సకర్మక క్రియ. అంటే ఒత్తేవాడొకడు, ఒత్తబడేవాడొకడు ఉండితీరాలి. మన ఉపన్యాసాలలో ఒత్తబడేవాడు కనిపిస్తాడు గాని, ఒత్తేవాడు ఎక్కడా కనిపించడు. ‘పిల్లలకు ఒత్తిడి పెరిగింది’ అంటాము, వాన పడింది అన్నట్లుగా. ‘పిల్లలను మేము ఒత్తుతున్నాము’ అని ఒక్కరూ అనరు. కర్తను దాచిపెట్టి, కర్మను కూర్చోబెట్టి ఊపిరి పీల్చుకొమ్మనడమే నేడు మనము చేస్తున్న ఒత్తిడి నివారణ.

కర్త కనిపించిన సందర్భమొకటి చెబుతాను. 2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షల మందికి పైగా తప్పినట్లు చూపారు. తరువాతి రోజులలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే ఆమెకు వచ్చినవి 99. తెలుగు చెప్పుకొని బ్రతికిన నాకు ఆ వార్త చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ఆ సున్నా ఆ పిల్ల మనసులో పుట్టినది కాదు. కాగితాలు దిద్దిన పెద్దల చేతిలో పుట్టినది. ఆ వారం ఆ పిల్లకు ధ్యానం నేర్పితే ఏమి లాభం? ఆమెకు కావలసింది తన జవాబు పత్రాన్ని సరిగా చూసే ఒక మనిషి.

ఇది కొత్త జబ్బూ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి కమిటీ వేశారు. 2023 జూలైలో విశాఖపట్నంలో, నీట్ శిక్షణ కోసం పశ్చిమ బెంగాల్ నుండి వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి ప్రాణం పోయింది. ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న ఆ న్యాయస్థానం దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులనుబట్టి పిల్లలను బ్యాచులుగా విడదీయరాదనీ, నలుగురిలో అవమానించరాదనీ, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టరాదనీ, నూరుమంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్నచోట శిక్షణ పొందిన సలహాదారు ఒకరైనా ఉండాలనీ వాటిలో ఉంది. గమనించండి: ఇవి ఎక్కువగా పెద్దలకు చెప్పిన పాఠాలే. న్యాయమూర్తులు కర్తను గుర్తుపట్టారు. మన బడులే ఇంకా గుర్తుపట్టలేదు.

ఇక మా ఊరి మాట. సంక్రాంతి సెలవులకు ఇంటర్మీడియట్ చదివే ఒక అమ్మాయి హాస్టలు నుండి వచ్చింది. మిరప రైతు బిడ్డ. కల్లంలో కాయలు ఎండుతుంటే పక్కన మోకాళ్లు ముడుచుకొని కూర్చొని ఉంది.

“ఏమ్మా, అలా ఉన్నావు?”

“ఏం లేదు మాస్టారూ, టెన్షన్.”

“దేనికమ్మా?”

“ఏమో మాస్టారూ, అంతా టెన్షనే.”

అరగంట కూర్చొని ఒక్కొక్కటే అడిగాను. రాత్రి పదకొండున్నరకు పడుకొంటే తెల్లవారి అయిదింటికి లేపుతారట. ఆ వయసు పిల్లలకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. అది టెన్షన్ కాదు, అలసట. వారానికొకసారి నాన్నతో ఫోనులో మాట్లాడనిస్తారట. ఆయన మొదట అడిగేది మార్కులేనట. అమ్మ ఫోను అందుకొనేలోగా సమయం అయిపోతుందట. అది టెన్షన్ కాదు, బెంగ. దసరా తరువాత అందరి ముందు పేరు చదివి, పై సెక్షన్ నుండి కింది సెక్షన్‌కు పంపారట. అంతవరకు కలిసి తిన్న స్నేహితురాలు ఆనాటి నుండి పక్కన కూర్చోవడం లేదట. ఇది చెప్పేటప్పుడు ఆ పిల్ల తల ఎత్తలేదు. అది టెన్షన్ కాదు, అవమానం.

చూశారా, మూడు వేరువేరు బాధలను ఒకే గోనెసంచిలో కుక్కి, మూతి కట్టి, దానికి టెన్షన్ అని పేరు పెట్టాము. పేరు ఒకటే అయ్యేసరికి మందు కూడా ఒకటే అయింది. మన భాష ఇంత పేద కాదు. బెంగకు మందు మనిషి. అలసటకు మందు నిద్ర. విసుగుకు మందు ఆట. బెరుకుకు మందు తోడు. భయానికి మందు నిజం, అంటే ‘తప్పితే ఏమవుతుంది, మరో దారి ఏది’ అన్నదానికి దాపరికం లేని జవాబు. ఉక్రోషానికి మందు న్యాయం. అవమానానికి మందు, అవమానించినవారు ఆ పని మానడం. పరీక్ష గదిలో ప్రశ్నపత్రం అందుకోగానే కలిగే కంగారుకు మాత్రం నెమ్మదిగా ఊపిరి వదలడం నిజంగా పనిచేస్తుంది. దానిని నేను కాదనను. ఒక్క కంగారుకు పనికివచ్చే మందును ఏడు బాధలకూ పోయడమే నా అభ్యంతరం.

ఇది పండితుడి చాదస్తమని కొట్టివేయకండి. 2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం ఒక పరిశోధన ప్రకటించింది. చూసిన ముఖంలోని భావానికి సరియైన పేరు పెట్టినప్పుడు, మెదడులో భయంతో ముడిపడిన భాగపు ఉద్రేకం తగ్గినట్లు వారు గమనించారు. బాధకు పేరు దొరకడం ఉపశమనానికి తొలిమెట్టు. మరి మనమేమి చేశాము? మార్కులు సులువుగా పడతాయని ఎందరో పిల్లలచేత ఇంటర్మీడియట్‌లో తెలుగు మాన్పించి సంస్కృతం పట్టించాము. సంస్కృతమంటే నాకు భక్తి. కాని అక్కడ చాలచోట్ల చెబుతున్నది సంస్కృతం కాదు, మార్కులు.

‘మా కాలంలో దెబ్బలు తిని చదివాము, మాకేమయింది?’ అనే పెద్దలున్నారు. అయ్యా, ఏమయిందో నేను చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో త్రైమాసిక పరీక్ష కాగితాలను తక్కువ మార్కుల నుండి మొదలుపెట్టి, పేరు పిలిచి, మార్కు చదివి, ఒక ఛలోక్తి విసిరి ఇచ్చేవాణ్ణి. తరగతి నవ్వేది. నా బోధన రక్తి కట్టిందనుకొనేవాణ్ణి. మొదటి పేరు ఎప్పుడూ ఒక అబ్బాయిదే. కొన్నాళ్లకు వాడు బడికి రావడం మానేశాడు. ‘చదువు అబ్బలేదు’ అని రిజిష్టరులో పేరు కొట్టివేశాము. ఆ వాక్యంలో కూడా కర్త లేడు. ఉంటే నా పేరు ఉండేది. మన కాలంలో ఏమీ కానివారే ఇప్పుడు మాట్లాడుతున్నారు. అయినవారు మధ్యలోనే వెళ్లిపోయారు.

మరికొందరు, ‘పోటీ ప్రపంచం, పిల్లలను గట్టిపరచవద్దా?’ అంటారు. పరచండి. మా పల్నాటి రైతు మిరపనారును గట్టిపరచాలని నీళ్లు పూర్తిగా ఆపి, వేళ్లు పైకి లాగి, ఎంత పెరిగిందో రోజూ కొలవడు.

మన పొరుగున వినుకొండలో 1895లో పుట్టిన జాషువా మహాకవి ‘గబ్బిలము’ను ఒకసారి తలచుకోండి. తన బాధ వినే మనిషి లోకంలో దొరకక, ఆ కావ్యనాయకుడు గబ్బిలంతో చెప్పుకొని శివునికి విన్నవించమన్నాడు. మన పిల్లలకు ఇళ్లలో అమ్మానాన్నలున్నారు, బడులలో పంతుళ్లున్నారు. అయినా వారూ గబ్బిలాన్ని వెతుక్కోవలసిందేనా?

ఆ అమ్మాయి తండ్రితో ఒక్క మాటే చెప్పాను: “ఫోనులో మొదటి మాట మార్కుల గురించి వద్దు నాయనా.” ఆయన ఒప్పుకొన్నాడు. సెక్షన్ మారలేదు, నిద్ర పెరగలేదు; ఆ రెండూ తండ్రి చేతిలో లేవు. కాని ఇప్పుడు ఫోనులో ముందు అమ్మ మాట్లాడుతోందట.

కావున బడులు నడిపేవారికి నా విన్నపమిది. ప్రశాంతత నేర్పే పీరియడు మాకు అక్కరలేదు. పిల్లల దగ్గర తీసుకొన్న నిద్రను, ఆటను, ఆదివారాన్ని తిరిగి ఇవ్వండి. గోడమీది జాబితాను చించివేయండి. తల్లిదండ్రులారా, ‘ఎన్ని వచ్చాయి’ అనేదానికి ముందు ‘ఎలా ఉన్నావు’ అని అడగండి. ‘టెన్షన్’ అని జవాబు వస్తే అక్కడితో వదలక, బెంగా, భయమా, అవమానమా అని కూర్చొని వినండి. మీ చేతికి మించినదనిపిస్తే 14416కు ఫోను చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ. రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ బడిలో మళ్లీ సమావేశం ఉందని విన్నాను. నన్ను పిలుస్తారో లేదో తెలియదు. పిలవకపోయినా వెళ్తాను. ఈసారి లేచి నిలబడి ఆ వాక్యానికి కర్త ఎవరని అడుగుతాను.