ఇంటి నిలవ ఎవరి బాధ్యత? తిరుపతి, చిత్తూరు కలెక్టర్లకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థల అధ్యక్షులైన కలెక్టర్ల సముఖానికి,

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రతి జిల్లాకూ ఒక ప్రాధికార సంస్థను ఏర్పరచి, కలెక్టరును దానికి అధ్యక్షునిగా నిలిపి, జిల్లా ప్రణాళిక తయారీతోపాటు ప్రజలకు శిక్షణ, అవగాహన కల్పించే పనిని కూడా 30వ సెక్షను ద్వారా ఆ సంస్థకే అప్పగించింది. వాన ముంచుకొచ్చినప్పుడు కావలసిన పడవలు, జేసీబీలు, ఇసుక బస్తాలు, పునరావాస కేంద్రాలు, పులిహోర పొట్లాలు ప్రభుత్వ ప్రణాళికలలో చోటు చేసుకుంటాయి కాని, సహాయం చేరేలోపు గడవవలసిన మొదటి రెండు మూడు రోజులకు ఒక ఇంట్లో ఏముండాలి, అది అక్కడ ఉండేట్టు చూడవలసింది ఎవరు అన్న ప్రశ్న సాధారణంగా ఒక కరపత్రంతో ముగిసిపోతుంది. టార్చిలైటు, రేడియో, ప్రథమ చికిత్స పెట్టె, మూడు రోజుల ఆహారం అని ఆ కరపత్రం చెప్పేది తప్పేమీ కాదు. అయితే నెలజీతం, సొంత మిద్దె, ఖాళీ అలమర ఉన్న కుటుంబాన్ని మనసులో పెట్టుకుని రాసిన జాబితా అది. ఇంట్లో నిలవ ఉండడం, ఉండకపోవడం ఆ ఇంటివారి ముందుచూపు మీద కన్నా రేషను తేదీ, కూలి దొరికే రోజు, కుళాయి వచ్చే గంట, ఇంటి పైకప్పు వంటి వాటి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. వీటిలో చాలావరకు ప్రభుత్వం చేతిలో ఉన్నవే. కనుక ఇంటి నిలవను జిల్లా ప్రణాళికలో భాగంగా చూడాలన్నది ఈ లేఖ ప్రతిపాదన.

దక్షిణ రాయలసీమకు నిలవ కొత్త విద్య కాదు. ధాత నామ సంవత్సరంలో పుట్టినందున ధాత కరువని జనం పిలుచుకున్న 1876–78 నాటి మహాక్షామాన్ని, ఆ తర్వాత ఎన్నో చిన్నా పెద్దా కరువులను చూసిన ఈ నేలలో రాగులు, జొన్నలు పాతరలో పోసి ఉంచే అలవాటు ఉండేది. పాతర అంటే గట్టి నేలలో తవ్వి, లోపలి గోడలకు గడ్డి పేర్చి, గింజ నింపి, మూతి మూసి మట్టితో మెత్తిన గొయ్యి. రాగిగింజకు పురుగు అంత తొందరగా పట్టదు కనుక అది ఏళ్ల తరబడి చెడకుండా నిలిచేది. దానితోపాటు ఉలవలు, అలసందలు, చింతపండు, ఎండుమిరపకాయలు, చెనిక్కాయల మూట, ఊరగాయ జాడీ ఉంటే సంసారం కొన్ని నెలలు ఎవరి ముఖం చూడకుండా సాగేది. ఆ నిలవ గొప్పతనం దాని పరిమాణంలో కన్నా స్వతంత్రతలో ఉంది: విసరడానికి తిరగలి, నూరడానికి రోలు, ఉడికించడానికి కట్టెల పొయ్యి, నీటికి చేదబావి ఉండేవి. ఇప్పటి ఇంట్లో రాగులు బస్తాడు ఉన్నా మర ఆడాలంటే కరెంటు కావాలి, మిక్సీకి కరెంటు కావాలి, సంపులోని నీరు పైట్యాంకుకు ఎక్కడానికి కరెంటు కావాలి, చివరకు కొట్లో కొనడానికి కూడా ఫోను సిగ్నలు కావాలి. ఒక్క తీగ తెగితే ఇన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

పాత విద్య కరువు కోసం పుట్టింది. కరువు నెలల ముందు కబురు పెట్టి వస్తుంది, పొలాన్ని ఎండబెడుతుంది, ఇంటిలోని గింజను మాత్రం ముట్టదు. వరద గంటల వ్యవధిలో వచ్చి ఇంటిలోని గింజనే మొదట తడుపుతుంది. కరువులో కాపాడిన పాతర వరదలో అన్నిటికన్నా ముందు మునుగుతుంది. ఈ తేడాను ఈ ప్రాంతానికి 2021 నవంబరు గట్టిగా చూపించింది.

ఆ నెల 18, 19 తేదీలలో కురిసిన వానకు తిరుమల కొండల మీది నీరు మాల్వాడి గుండం మీదుగా కపిలతీర్థంలోకి, అక్కడినుంచి నగర వీధులలోకి దూకింది, కనుమదారులు మూసివేశారు, శ్రీవారి మెట్టు మార్గం ఎంతగా దెబ్బతిన్నదంటే మరమ్మతులు ముగిసి 2022 మే నెలలో గాని భక్తులకు తెరుచుకోలేదు. స్వర్ణముఖి ఒడ్డు ఊళ్లు జలమయమయ్యాయి. అదే 19వ తేదీ తెల్లవారుజామున పొరుగున ఉన్న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి ఊళ్లలో మనుషులను, పశువులను, ఇళ్లను ఊడ్చుకుపోయింది. ఆ తర్వాత రెండు మూడు రోజులకే రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడే ప్రమాదం తలెత్తగా, కట్ట దిగువ గ్రామాలను ఖాళీ చేయమని అధికారులు హెచ్చరించారు. విజయనగర కాలపు పేరును మోస్తున్న ఆ చెరువు చివరకు నిలిచింది.

ఈ మూడు సంఘటనలు మూడు వేర్వేరు సన్నద్ధతలను కోరుతాయి. తిరుపతి వీధిలో మేడ మీద చిక్కుకున్న కుటుంబానికి కావలసింది ఇంట్లో నిలవ. రాయలచెరువు దిగువన ఉన్న కుటుంబానికి కావలసింది చేతికి అందే మూట: ఆధార్, రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో, వారం రోజుల మందులు, కొంత చిల్లర నగదు, ఒక జత బట్టలు, బొరుగులు, బెల్లం. చెయ్యేటి ఒడ్డున ఉన్నవారికి నిలవా పనికిరాదు, మూట కట్టుకునే వ్యవధి కూడా దొరకదు. వారిని కాపాడగలిగేది వేళకు అందిన హెచ్చరిక, ఎత్తైన చోటికి దారి, పశువుల పలుపు విప్పి వదిలిపెట్టాలన్న తెలివిడి మాత్రమే. రాష్ట్రమంతటికీ ఒకే కరపత్రం పంచితే ఈ ముగ్గురిలో ఇద్దరికి తప్పుడు సలహా ఇచ్చినట్టే అవుతుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక తిరుపతి జిల్లాకు సూళ్లూరుపేట, తడ వైపు సముద్రతీరం కూడా కలిసింది కనుక, తుపాను గాలికి రేకులు లేచిపోయే ఊరు, కొండవాగు మీద పడే ఊరు ఒకే కలెక్టరు కింద ఉన్నాయి. ఇటు చిత్తూరు జిల్లాలో నీవా నది పొంగితే చిత్తూరు పట్టణపు లోతట్టు వీధులు మునుగుతాయి, కుప్పం వైపు మాత్రం బోరు ఎండిపోయి ట్యాంకరు కోసం బిందెలు వరుసకట్టడమే తరచుగా ఎదురయ్యే విపత్తు.

నీటి సంగతి కొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే చుట్టూ నీరు నిలిచిన ఇంట్లో ముందుగా కరవయ్యేది తాగునీరే. విపత్తు సహాయానికి ప్రపంచమంతటా అనుసరించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం తాగడానికి, తినడానికి మనిషికి రోజుకు కనీసం రెండున్నర నుంచి మూడు లీటర్లు, వంట, శుభ్రత కూడా కలిపితే పదిహేను లీటర్ల దాకా కావాలి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు తాగునీరే 36 లీటర్లు, అంటే ఇంటింటికీ తెలిసిన ఇరవై లీటర్ల క్యాన్లు రెండు. ఇది అసాధ్యమైన నిలవ కాదు, అయితే క్యాను ఖాళీ అయితే గాని రెండోది ఇవ్వని వ్యాపారి దగ్గర అదనపు క్యానుకు బయానా కట్టలేని ఇల్లు ఉంటుందని ప్రణాళిక గుర్తించాలి. వరద తగ్గాక మురుగు కలిసిన సంపు నీటిని వాడితే విరేచనాలు తప్పవు కనుక క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ పొట్లాలు వరద తర్వాత పంచడం కన్నా అక్టోబరుకు ముందే ఆశా కార్యకర్తల ద్వారా ఇళ్లకు చేరడం మేలు; నీటిని తెర్లకాచి చల్లార్చుకోవచ్చన్న సలహా గ్యాసు బండ నిండుగా ఉన్న ఇంటికే పనికొస్తుంది.

సంపు గురించి తిరుపతి నేర్చుకున్న మరొక పాఠం ఉంది. 2021 నవంబరు వానల తర్వాత నగరంలోని శ్రీకృష్ణానగర్‌లో సిమెంటు వరలతో కట్టిన ఒక భూగర్భ నీటితొట్టిని శుభ్రం చేస్తుండగా అది ఉన్నట్టుండి నేలను చీల్చుకుని పైకి లేచింది. లోపల ఉన్న మహిళ ప్రాణాలతో బయటపడ్డారు. వింతగా చెప్పుకున్న ఆ సంఘటనకు కారణం సాదాసీదా భౌతికశాస్త్రం: వానకు భూగర్భజలం నేల మట్టం దాకా ఉబికి ఉండగా తొట్టిని ఖాళీ చేస్తే, చుట్టూ ఉన్న నీరు దానిని కిందినుంచి పైకి నెడుతుంది, ఇలా పైకి నెట్టే బలాన్నే ఉత్ప్లవన బలం అంటారు. నేల నీటితో నిండి ఉన్నన్నాళ్లూ సంపును పూర్తిగా తోడి కడగరాదని, వానలకు ముందే కడిగి నింపి, మూత చుట్టూ సిమెంటు గట్టు ఎత్తుగా కట్టుకోవాలని చెప్పే ఒక్క వాక్యం ఈ నగరానికి రేడియో కొనుక్కోమనే సలహా కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. స్థానిక జాబితా స్థానికంగానే తయారు కావాలనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

ఇక తిండి. రోజు కూలితో వారం వారం సరుకు తెచ్చుకునే ఇల్లు మూడు రోజుల అదనపు సరుకును ఎక్కడినుంచి తేగలదు? లాడ్జీలలో, హోటళ్లలో పనిచేస్తూ ఒకే గదిలో అద్దెకుండే కుటుంబానికి డబ్బు దొరికినా పెట్టుకునే చోటు దొరకదు. ఇక్కడ నిలవ చేయించగల ఒకే ఒక వ్యవస్థ చౌకధరల దుకాణం. 2025లో వర్షాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని ఆగస్టు దాకా ఇవ్వవలసిన బియ్యాన్ని ఒకేసారి ఇమ్మని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది, తెలంగాణలో మూడు నెలల సన్నబియ్యం ఆ విధంగానే పంచారు. అయితే ఆ ఏర్పాటు నైరుతి రుతుపవనాల లెక్కకు సరిపోయేది. దక్షిణ కోస్తాకు, ఈ రెండు జిల్లాలకు గండం ఈశాన్య రుతుపవనాలతో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తుంది: 2020 నవంబరులో నివర్, 2022 డిసెంబరులో మాండౌస్, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానులు ఆ మూడు నెలల్లోనే వచ్చాయి. కాబట్టి ఇక్కడ అక్టోబరు మొదటి వారంలోనే రెండు నెలల బియ్యం, వీలైతే కందిపప్పు కూడా ఇవ్వాలని ప్రభుత్వానికి ప్రతిపాదన పంపడం కలెక్టర్లు చేయగలిగిన పని. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఇంటింటికీ పాతిక కిలోల బియ్యం, పప్పు, నూనె, ఉల్లిగడ్డలు పంచారు, అజిత్‌సింగ్ నగర్ వంటి చోట్ల డ్రోన్లతో పొట్లాలు జారవిడిచారు. అది మెచ్చదగిన శ్రమే, కాని మునిగిన ఇంటికి ఎగిరి వెళ్లి ఇచ్చే తిండి పొడి ఇంటికి ముందుగా నడిచి వెళ్లి ఇచ్చే తిండికన్నా ఎన్నో రెట్లు ఖరీదు.

బియ్యం చేరినా పొయ్యి వెలగకపోతే ఏమవుతుందన్న ప్రశ్న మిగులుతుంది. ఉడికించకుండా తినగలిగినవి ఈ ప్రాంతపు వంటింట్లో ఎప్పటినుంచో ఉన్నాయి: బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, పప్పులపొడి, అటుకులు, బెల్లం, రాగిపిండితో చేసిన లడ్డు. వీటికోసం బిస్కట్ కంపెనీల వైపు చూడవలసిన పని లేదు. జపాను ప్రభుత్వం ఇళ్లకు సూచించే పద్ధతి కూడా ఇలాంటిదే; రోజూ తినే సరుకునే కొంచెం ఎక్కువ కొని, పాతది ముందు వాడి, వాడినంత మళ్లీ తెచ్చి పెట్టుకోవడం. మన ఇళ్లలో కొత్త బియ్యాన్ని అడుగున పోసి పాతవాటిని పైకి తెచ్చే పద్ధతి దానికి దూరమైనది కాదు. ఇల్లు చిన్నదైన చోట ఈ నిలవను పొదుపు సంఘాల చేతికి ఇవ్వవచ్చు. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలోనే జొన్నలతో ఊరి స్థాయి ధాన్యనిధిని నడిపి చూపాయి. చిత్తూరు జిల్లాలో బలంగా ఉన్న డ్వాక్రా సంఘాలకు ఒక మిద్దె గది, ఎత్తైన చెక్క బల్లలు ఇస్తే రాగులు, చెనిక్కాయలతో అలాంటిదే సాగగలదు.

సరుకు దాచుకోమంటే జనం దుకాణాల మీద పడతారన్న భయం అధికారులలో సహజం. 2020 మార్చి లాక్‌డౌను రోజులలో అది కళ్లముందే జరిగింది. అయితే తుపాను హెచ్చరిక వచ్చాక కంగారుగా కొనడం వేరు, ఆగస్టు, సెప్టెంబరులలో వారానికి రెండేసి కిలోలు పక్కన పెట్టడం వేరు. రెండోది ఎంత విస్తారంగా జరిగితే మొదటిది అంతగా తగ్గుతుంది. స్వీడన్ ప్రభుత్వం సంక్షోభ సమయంలో ఇంట్లో ఏముండాలో చెప్పే పుస్తకాన్ని 2018లోనూ, 2024లోనూ దేశంలోని ఇళ్లన్నిటికీ పంపింది. జనంతో నేరుగా మాట్లాడితే భయం పెరుగుతుందన్న వాదానికి ఆ దేశం విలువ ఇవ్వలేదు, అది సరైన నిర్ణయమే.

ఈ పనికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలకు తమ పరిధిలోని ప్రతి ఇల్లూ తెలుసు. ఏ ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నారో, ఏ ఇంట్లో ఇన్సులిన్ వాడతారో, ఏ గర్భిణికి నవంబరులో కాన్పు తేదీ పడిందో ఆరోగ్య సిబ్బంది దగ్గర రాతపూర్వకంగా ఉంది. ఇవన్నీ కలిపి ప్రతి సచివాలయం తన పరిధికి ఒకే పుట జాబితా అచ్చు వేయవచ్చు: ఈ చెరువు మరవ పోతే, అంటే నిండి పొర్లితే, నీరు ఏ వీధిలోకి వస్తుంది, మిద్దె బడి ఎక్కడుంది, ఈ వీధివారు నిలవ ఉంచుకోవాలా, మూట కట్టుకోవాలా, ఆవులను ఎటు తోలాలి, 112, 1070 నంబర్లు పలకకపోతే ఎవరి తలుపు తట్టాలి. ఫోన్లు మూగబోయినప్పుడు టముకు వేసేదెవరో కూడా ఆ పుటలోనే ఉండాలి.

రెండు జిల్లాల కలెక్టర్లు సెప్టెంబరు నెలాఖరులోపు ఆ పుటను ప్రతి ఇంటి తలుపు వెనక అంటించే ఏర్పాటు చేయాలని, అక్టోబరు, నవంబరు నెలల రేషను ఒకేసారి విడుదలకు పౌరసరఫరాల శాఖకు ఇప్పుడే రాయాలని, ఈశాన్య రుతుపవనాలకు ముందు ఒక ఆదివారం రాయలచెరువు దిగువ గ్రామాలలోనూ నీవా ఒడ్డు వీధులలోనూ ఖాళీ చేసే అభ్యాసాన్ని జనంతో కలిసి చేసి చూడాలని ఈ లేఖ కోరుతోంది.