చేతిపని గంటను బడికి తిరిగి తేవాలి

బడులు తెరిచి నెల తిరగకముందే టైంటేబుల్‌లో మిగిలిన ఒక్క చేతిపని గంటనూ స్టడీ అవర్‌గా మార్చేసి, పదో తరగతి ఫలితాల కోసమేనంటూ పాఠశాలలు చెబుతున్న సమాధానాన్ని తల్లిదండ్రులు ఇక ఒప్పుకోకూడదు.

మగ్గం నేర్చుకునే విద్యార్థికి పడుగులో పోగు తెగితే, రెండు కొసలూ వెతికి పట్టుకుని, వేళ్ల మధ్య నలిపి అతికి, పన్నె సందులోంచి మళ్లీ లాగి నాడె ఆడించేవరకు అతని చూపూ వేళ్లూ ఆలోచనా ఒక్కచోటే నిలుస్తాయి. తప్పు ఎక్కడ జరిగిందో బట్ట చూపుతుంది, దిద్దుకునే వీలూ అక్కడే ఉంటుంది. పరీక్షలో అదే తప్పు ర్యాంకుగా మారి నోటీసు బోర్డుకెక్కుతుంది. పని కష్టమూ నేర్పూ సరితూగినప్పుడు కాలం తెలియకుండా మనసు పనిలో లీనమయ్యే ఈ స్థితిని మనస్తత్వ శాస్త్రం తన్మయత అంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనసు చెదిరిన సైనికులకు బుట్టల అల్లిక, నేత నేర్పించింది ఇందుకే.

చేతికి మెదడులోనూ పెద్ద చోటే ఉంది. 1937లో మాంట్రియల్‌లో నాడీ శస్త్రవైద్యులు పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ మెదడు పైపొరకు పటం గీసినప్పుడు, చేతికీ వేళ్లకూ దక్కిన భాగం మొండెం మొత్తానికి దక్కిన దానికంటే ఎంతో పెద్దదని తేలింది. చదువులోనూ చేతిపనికి చోటివ్వాలన్న గాంధీజీ పిలుపుతో అదే ఏడాది అక్టోబరులో వార్ధాలో విద్యా సదస్సు జరిగింది. అది నియమించిన జాకీర్ హుస్సేన్ కమిటీ ఐదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషాలను చేతివృత్తికే కేటాయించమంది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవాన్ని చదువులో భాగం చేయమంది. 2020 జాతీయ విద్యా విధానం దగ్గరికి వచ్చేసరికి ఆ గంటలన్నీ కరిగి, 6 నుంచి 8 తరగతుల మధ్య పుస్తకాల సంచి లేకుండా గడిపే పది రోజుల బడిగా మిగిలాయి. ఆ పది రోజులైనా సక్రమంగా జరుపుతున్న బడులు ఎన్నో అధికారులు బహిరంగంగా చెప్పాలి. పద్నాలుగేళ్ల పిల్లలను తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా బెంచీలకు అతికించి, వేళ్లకు పెన్ను తప్ప మరో పని తెలియకుండా పెంచి, ఆపై ఏకాగ్రత లేదని వాళ్లనే నిందించడం క్రూరత్వం.

చేతిపని పిల్లలను కులవృత్తుల్లోకి నెడుతుందన్న అభ్యంతరం నిలవదు, ఎందుకంటే ఇక్కడ అడుగుతున్నది ఏ కులం పిల్లలైనా కుండ, కొయ్య, కుట్టు, నేత అన్నీ పట్టుకోవాలనే. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా సాగే చదువులో ఒక్క గంట పోతే మార్కులు తగ్గుతాయన్న భయానికి వేరే జవాబు అక్కర్లేదు.

ప్రతి బడిలో రోజూ ఒక గంట చేతిపనికి ఉండాలి. దానికి మార్కులు వేయకూడదు, దాన్ని మరో సబ్జెక్టుకు ఇవ్వకూడదు. ఊళ్లోని వడ్రంగికీ నేతగాడికీ దర్జీకీ గౌరవవేతనమిచ్చి బడికి పిలవాలి. పాఠశాల యాజమాన్య కమిటీ రాబోయే సమావేశంలోనే ఈ మేరకు తీర్మానం రాయించి, తల్లిదండ్రులంతా సంతకాలు చేసి మండల విద్యాధికారికి అందజేయాలి.