సినిమా మన సొంతమా, అద్దెదా?

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అన్నయ్య కూతురు మా ఇంటికి వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. రాత్రి టీవీలో ఇంటర్నెట్ ద్వారా ఒక పాత సినిమా పెట్టుకుంది. సగం చూసి నిద్రపోయింది. మర్నాడు పొద్దున్నే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“బాబాయ్, నిన్న చూసిన సినిమా ఇవాళ కనబడటం లేదేం?”

నేనూ వెదికాను. నిజమే, లేదు! నెలనెలా చందా కడుతూనే ఉన్నాం. కాని ఆ సినిమాను చూపించే హక్కు ఆ కంపెనీకి ఆ రాత్రితో ముగిసిందట. అప్పుడు అటక మీది పెట్టె దింపాను. అందులో అదే సినిమా మూడు వీసీడీల్లో ఉంది. గీతలు పడ్డాయి. పాత ప్లేయర్‌లో పెడితే రెండు చోట్ల తడబడిందిగాని, సినిమా చివరిదాకా నడిచింది.

“అయితే డిస్కే మంచిదన్నమాట!” అంది అమ్మాయి.

“తొందరపడి తీర్పు చెప్పకు. రెండూ ఎలా పనిచేస్తాయో చూసి అప్పుడు చెబుదాం” అన్నాను. మీరూ రండి, చూద్దాం.

డిస్కులో ఉన్నది బొమ్మలు కావు, అంకెలు. ప్లాస్టిక్ బిళ్ళ మీద కంటికి కనబడనంత చిన్న గుంటలు చుట్లు చుట్లుగా ఉంటాయి. సీడీలో ఈ చుట్టును విప్పి సాగదీస్తే ఐదు కిలోమీటర్లకు పైగా పొడవు ఉంటుంది! దాని మీద లేసర్ కిరణం పడుతుంది. చదునైన చోట కాంతి బాగా తిరిగి వస్తుంది, గుంట ఉన్న చోట తగ్గిపోతుంది. ఆ మార్పు జరిగిన చోటు 1, జరగని చోటు 0. ఇంతే సంగతి.

మరి సీడీ, డీవీడీ, బ్లూరే మూడూ 12 సెంటీమీటర్ల వ్యాసం గలవే గదా! ఒకదానికంటే ఒకదానిలో ఎక్కువ ఎలా పడుతుంది? కిటుకు కాంతిలో ఉంది. 1982లో వచ్చిన సీడీకి 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి వాడారు. 1996లో వచ్చిన డీవీడీకి 650, 2006లో వచ్చిన బ్లూరేకు 405 నానోమీటర్లు. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ కాంతిని మరింత చిన్న చుక్కగా కేంద్రీకరించవచ్చు. సన్న పాళీతో కాగితం మీద ఎక్కువ అక్షరాలు రాసినట్టే! అందుకే సీడీలో వరుసకూ వరుసకూ 1.6 మైక్రాన్ల ఎడం ఉంటే, బ్లూరేలో 0.32 మైక్రాన్లే ఉంటుంది.

ఇది మీరే పరీక్షించవచ్చు. ఒక సీడీని, ఒక డీవీడీని పక్కపక్కన పట్టుకుని ట్యూబులైటు వెలుగులో వంచి చూడండి. డీవీడీ మీద రంగులు ఎక్కువగా విడిపోయి కనబడతాయి. వరుసలు దగ్గరగా ఉండటమే కారణం. ఎండలో మాత్రం ఈ పని చేయకండి, ఆ కాంతి కంటికి తగిలితే ప్రమాదం.

మరి గీతలు పడినా మా వీసీడీ ఎలా ఆడింది? 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు గణిత శాస్త్రజ్ఞులు ఒక పద్ధతి కనిపెట్టారు. అసలు అంకెలతోపాటు, వాటి నుంచి లెక్కగట్టిన కొన్ని అదనపు అంకెలనూ చేరుస్తారు. పక్కపక్క అంకెలను డిస్కు మీద దూరదూరంగా వెదజల్లుతారు. ఒక గీత కొన్నింటిని మింగేసినా, మిగిలిన వాటిని బట్టి ప్లేయర్ పోయినవాటిని లెక్కకట్టి రాబట్టుకుంటుంది.

ఇక ఇంటర్నెట్ ద్వారా వచ్చే సినిమా సంగతి. ఇక్కడా ఉన్నవి అంకెలే. చిన్న లెక్క వేద్దాం. డీవీడీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. చుక్కకు సగటున 12 బిట్లు, సెకనుకు 25 బొమ్మలు. గుణించండి. సెకనుకు సుమారు 12.4 కోట్ల బిట్లు వస్తాయి. రెండున్నర గంటల సినిమాకు దాదాపు 140 గిగాబైట్లు! కాని ఒక పొర ఉన్న డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లే. అంటే సినిమాను ముప్పయ్యో వంతుకు కుదించాలి.

అలా కుదించడంలో మనవాళ్ళ చేయి ఉంది. బెంగుళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన కె.ఆర్. రావు, టి. నటరాజన్ కలిసి 1974లో ఒక గణిత పద్ధతిని ప్రచురించారు. కంటికి అంతగా ఆనని వివరాలను వేరుచేసి వదిలేయడానికి అది తోడ్పడుతుంది. దీనికితోడు, ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య మారినదాన్ని మాత్రమే దాచుకుంటారు. డిస్కుకూ, ఇంటర్నెట్ సినిమాకూ పునాది ఈ లెక్కలే.

అయితే తేడా ఎక్కడ? ఇంటర్నెట్‌లో సినిమాను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను నాలుగైదు నాణ్యతల్లో సిద్ధంగా ఉంచుతారు. మీ కనెక్షన్ వేగాన్ని బట్టి ఏదో ఒకటి వస్తుంది. వాన పడి సిగ్నల్ తగ్గితే బొమ్మ మసకబారడం మీరు చూసే ఉంటారు. 2016లో వచ్చిన 4కె బ్లూరే సెకనుకు 100 మెగాబిట్లకు మించి అందించగలదు. ఇంటర్నెట్‌లో 4కె సినిమాకు సామాన్యంగా 15 నుంచి 25 మెగాబిట్లు సరిపోతాయంటారు. కొత్త కుదింపు పద్ధతులు మెరుగే అయినా, పొగమంచు, చీకటి, వాన ఉన్న దృశ్యాల్లో తేడా కనబడుతుంది.

ఇంటర్నెట్‌ను తక్కువచేసి మాట్లాడటం న్యాయం కాదు. 2007లో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు అమ్మినప్పుడు ఎంత చవకో అనుకున్నాం. కాని ఆ డిస్కు దొరకాలంటే పట్నం వెళ్ళాలి, ఇంట్లో ప్లేయర్ ఉండాలి. ఈనాడు ఏ ఊళ్ళోని పిల్లవాడైనా ఫోనులోనే జపాను సినిమా, ఇరాను సినిమా చూడగలడు. ఇది చిన్న లాభం కాదు.

అయినా ఒక ప్రశ్న ఉంది. ఆ సినిమా తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

మీరు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ‘కొన్న’ సినిమా కూడా చాలాసార్లు మీది కాదు. మీకు దక్కేది చూసుకునే అనుమతి మాత్రమే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇందుకోసం ఒక చట్టమే చేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ ఇటువంటి వాటికి ‘కొనండి’ అని రాస్తే, దొరికేది అనుమతేనని స్పష్టంగా చెప్పాలి.

దీనికంటే పెద్ద సంగతి మరొకటి. 1931లో వచ్చిన మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ మీరు చూడగలరా? చూడలేరు. దాని ప్రతి ఒక్కటీ మిగల్లేదు. 1927 నాటి జర్మన్ సినిమా ‘మెట్రోపొలిస్’ కథ వేరు. మొదటి ప్రదర్శనల తరువాత దాన్ని బాగా కత్తిరించారు. ఆ ముక్కలు శాశ్వతంగా పోయాయనే అనుకున్నారు. కాని ఎక్కడో దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఎయిరిస్ నగరానికి అప్పట్లోనే ఒక ప్రతి చేరింది. దాని నుంచి తీసిన నకలు ఆ ఊరి మ్యూజియంలో 2008లో బయటపడింది. పోయిందనుకున్న సినిమా దాదాపు పూర్తిగా దక్కింది!

ఇందులోని నీతి గ్రహించారా? అనేకుల చేతుల్లో అనేక ప్రతులు ఉంటేనే వస్తువు బతుకుతుంది. మన తాళపత్ర గ్రంథాలు నిలిచిందీ అలాగే. ఇంటర్నెట్ కంపెనీకి ఎన్ని ఊళ్ళలో ఎన్ని సర్వర్లున్నా, తీసేయాలని నిర్ణయించేది ఒక్కరే. వెయ్యి ఇళ్ళలో ఉన్న వెయ్యి డిస్కులను ఒక్క ఉత్తరువుతో మాయం చేయడం ఎవరి తరం?

డిస్కు చిరంజీవి అని నేననను. తేమకూ, ఎండకూ పాడవుతుంది. ఇంట్లో రాసుకునే డిస్కులు ఇంకా త్వరగా చెడిపోతాయి. పైగా ప్లేయర్లు చేసే కంపెనీలు తగ్గిపోతున్నాయి. అమెరికాలో పోస్టు ద్వారా డీవీడీలు పంపుతూ పేరు తెచ్చుకున్న నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో ఆ పని ఆపేసింది.

కనుక నా అభిప్రాయం ఇది. ఒకసారి చూసి మరచిపోయే సినిమాకు ఇంటర్నెట్టే మేలు. దానికోసం ప్లాస్టిక్ బిళ్ళ దండగ. కాని మళ్ళీ మళ్ళీ చూడాలనిపించేదీ, మీ పిల్లలకు చూపాలనుకునేదీ మాత్రం చేతిలో ఉండాలి. దొంగ ప్రతులు చేసుకోమని చెప్పడం లేదు, న్యాయంగా కొన్నవే దాచుకోమంటున్నాను. గ్రంథాలయాల్లో పుస్తకాల పక్కన మంచి సినిమాల డిస్కులకూ ఒక అర ఉండాలి.

ఈ ఆదివారం మీ ఇంటి అటక ఓసారి చూడండి. పాత డిస్కులు దొరికితే అంచులు పట్టుకుని తీయండి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి. వాటి పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఇంటర్నెట్‌లో ఎన్ని దొరుకుతున్నాయో వెదకండి. దొరకనివి ఉన్నాయా? అయితే వాటిని పాతసామాను వాడికి వేయనివ్వకండి!