మలినం ఎక్కడికి పోతుంది?

వుజూ నియమాలు బోధిస్తున్నప్పుడు ఒక విద్యార్థి మమ్మల్ని ఇలా అడిగాడు: "ఉస్తాద్! మనం శుభ్రపడగా పారిన నీరు చివరికి ఎవరిని చేరుతుంది?" మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. మరునాడు తరగతిలో కోల్‌కతా తూర్పు అంచున ఉన్న చిత్తడి నేలల గురించి వివరించాము. ఆ సంగతి పాఠకులతోనూ పంచుకోదలచాము.

అవి సుమారు 12,500 హెక్టార్ల మేర విస్తరించి ఉన్నాయి. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద వాటికి అంతర్జాతీయ గుర్తింపు లభించింది. నగరపు మురుగు కాలువల గుండా వచ్చి, మనుషులు గట్లు కట్టి ఏర్పరచిన లోతులేని చెరువులలో చేరుతుంది. స్థానికులు వాటిని 'భేరీలు' అంటారు.

మొదట సూక్ష్మజీవులు మలినాన్ని విడగొడతాయి. అందులోని నత్రజని, భాస్వరాలను గ్రహించి, సూర్యరశ్మి సాయంతో నాచు పెరుగుతుంది. పగటివేళ నీటికి ప్రాణవాయువును అందిస్తుంది. అయితే నాచు హద్దు మీరితే రాత్రివేళ ఆ ప్రాణవాయువును తానే హరిస్తుంది. చచ్చి కుళ్ళితే నీరు తిరిగి చెడుతుంది.

ఇక్కడే జలచరాల అవసరం ఏర్పడుతుంది. బొచ్చె చేప నీటి పైభాగంలోనూ, శీలావతి నడిమి నీటిలోనూ, మృగాల అడుగుననూ మేస్తాయి. నత్తలు రాళ్ళకూ కాడలకూ పట్టిన పాచిని గీరి తింటాయి. బురదలోని సన్నని పురుగులు తవ్వుకునే బొరియల గుండా ప్రాణవాయువు లోపలికి చేరి, అక్కడి సూక్ష్మజీవులకు తోడ్పడుతుంది. ఇదంతా మితంలో ఉన్నంతవరకే మేలు. అడుగును కెలికే చేపలు మితిమీరితే బురద లేచి, అందులో అణగి ఉన్న భాస్వరం మళ్ళీ నీటిలో కలుస్తుంది.

మరొక మాట గమనించండి. చేప మలినాన్ని మాయం చేయదు. తిన్నదానిలో కొంత తన దేహంలో నిలుపుకుని, మిగిలినది నీటికే విడుస్తుంది. జాలరి వల వేసి చేపను బయటికి తీసినప్పుడే ఆ దేహంలో చేరిన భాగం చెరువును వీడుతుంది. పట్టకుండా వదిలేస్తే, చేప చచ్చిన నాడు అదంతా తిరిగి నీటి పాలే. భేరీల నుంచి వెలువడే నీరు వరిపొలాలకు పారుతుంది. మిగిలిన పోషకాలను పైరు అందుకుంటుంది. అంటే జీవులు ఆరంభించిన పనిని పూర్తి చేసేది జాలరి, రైతుల శ్రమే.

అయితే ఈ జీవులకు సాధ్యం కానిదీ ఒకటుంది. తోళ్ళ శుద్ధిలో వాడే క్రోమియాన్ని గానీ, పాత బ్యాటరీలలోని సీసాన్ని గానీ ఏ నత్తా, ఏ చేపా అరిగించుకోలేదు. అవి బురదలో పేరుకుంటాయి. జలచరాల దేహాలలో చేరి, మన కంచంలోకే తిరిగి రావచ్చు.

ఇంతా విన్న ఆ విద్యార్థి, "అయితే మా ఇంట్లో మిగిలిన పురుగుమందును తూములో పారబోయకూడదు కదా, ఉస్తాద్?" అన్నాడు. మేము బోధించదలచినది అతడే చెప్పాడు. పురుగుమందులు, రంగులు, పాత బ్యాటరీలు మీ ఇంటి మురుగులో కలవకుండా చూడండి. మన గడప దాటిన నీరు మరొకరి చెరువుకు చేరుతుంది. దానిని శుద్ధి చేసే మూగజీవులపై మోయలేని భారం వేయకుండా ఉండటం మన బాధ్యత.