హస్తవాసితో టైమింగ్ కుదరదు

లారీలకి కట్టే నిమ్మకాయల మీద మన హేతువాదులు చాలానే రాశారు. నిమ్మకాయని నవ్వేవాళ్ళే "మా మేస్త్రీది మంచి హస్తవాసి, చెవితో విని టైమింగ్ పెట్టేస్తాడు" అంటారు. భిలాయిలో మన తెలుగు డ్రైవర్ల దగ్గర ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. ఇది కూడా మూఢ నమ్మకమే.

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. పంపు డీజిల్ చిమ్మే క్షణమే టైమింగ్. పిస్టన్ పైకి చేరకముందే చిమ్మాలి. మరీ ముందైతే ఇంజన్ కొట్టుకుంటుంది, ఆలస్యమైతే బలం తగ్గి పొగ కక్కుతుంది. ఆ పొగ పీల్చేది క్లీనర్ కుర్రాడు.

పాత లారీ వరుస పంపులో మొదటి లైను డెలివరీ వాల్వు తీసి, వంకర గొట్టం బిగించి, హ్యాండ్ పంపు కొడుతూ ఇంజన్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. కంప్రెషన్ స్ట్రోక్‌లో ధార చుక్కలై ఆగే చోట గుర్తు కంపెనీ చెప్పిన డిగ్రీ మీద ఉండాలి. లేకపోతే పంపుని జరపాలి. ఆ చుక్కకి మేస్త్రీ అనుభవంతో పని లేదు. చెవికి అనుమానం వస్తుంది, అంతే.

1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఊరు ఇది. కరిగిన ఉక్కు వేడిని ఇక్కడ కొలుస్తారు, హస్తవాసికి వదిలెయ్యరు. మరి గేటు బయట లారీకేం పాపం? ఈసారి మేస్త్రీని "ఎన్ని డిగ్రీలు వచ్చింది?" అని అడగండి.