చోటు మారిన జన్యువు

క్యాన్సర్ అనగానే జన్యువే చెడిపోయిందనుకుంటాం. బి కణాల క్యాన్సర్ అయిన బర్కిట్ లింఫోమాలో అసలు తంటా చోటు మారడంతో మొదలవుతుందని 1982లో తేలింది. 8వ క్రోమోజోమ్ ముక్క తెగి, ఎక్కువగా 14వ దానికి అతుక్కుంటుంది. అలా ఆ ముక్క మీదున్న మిక్ జన్యువు యాంటీబాడీ జన్యువుల పక్కకు చేరుతుంది. యాంటీబాడీలు తయారుచేసే బి కణంలో అక్కడ ఎప్పుడూ హడావుడే. ఇక మిక్ ప్రోటీన్ ఆగకుండా తయారవుతుంది; మ్యాక్స్ అనే జతగాడితో కలిసి డీఎన్ఏలో సీఏసీజీటీజీ అన్న ఆరు అక్షరాలను పట్టుకుని, కణాన్ని పెంచే వందలాది జన్యువులను పురికొల్పుతుంది.

క్యాన్సర్ రావడానికి ఒక్క మిక్ చాలదుగా అంటారు. నిజమే. అది మితిమీరితే కణం తనంతట తానే చావాలి. అందుకే ఈ కణితుల్లో తరచూ అలాంటి కణాన్ని చావుకు నెట్టే పీ53 అనే కాపలా ప్రోటీన్ కూడా దెబ్బతిని ఉంటుంది. మరి మిక్‌నే మందుతో ఆపరాదా? మందు అణువు ఇమిడే గుంట దాని మీద కనబడదు. పైగా మంచి కణాల విభజనకూ అదే కావాలి. వైద్యం లేదని కాదు, కీమోథెరపీకి బర్కిట్ బాగానే లొంగుతుంది, పిల్లల్లో మరీనూ.